మహారచయితల జాబులును స్వీయచరిత్రములును

చరిత్ర యనగా రాజుల యుద్ధములును సంధులును పట్టాభిషేకములును మాత్రమే యని తలచు కాలము గడచిపోయినది. ఒక సంఘ మెట్లు బ్రతికినదో, దేనికి భయపడినదో, దేనిని దిద్దుకొనగోరినదో తెలియవలెనన్న శాసనములును కైఫీయతులును చాలవు. మనుష్యుడు మనుష్యునకు వ్రాసిన జాబులు కావలెను. తన బ్రతుకును తానే చెప్పుకొన్న కథలు కావలెను. శాసనము పదిమంది చూచుటకై చెక్కబడినది. జాబు ఒక్కరు చదువుటకై వ్రాయబడినది. కావున శాసనమున కెక్కని నిజము జాబునందు దొరకును. శాసనమున కెక్కని కోపమును, పక్షపాతమును, తొందరపాటును అందే దొరకును. ఈ రెంటిని వేరుపరచి చదువుట చరిత్రకారుని పని. చదువుటకు ఆ జాబు మిగిలి యుండునట్లు చూచుట గృహస్థుల పని. ఈ రెండవ పనినిగూర్చి చదువరులకు విన్నవించుటకే మే మీ వ్యాసమును వ్రాయుచున్నాము.

అమెరికా దేశమువా రీ విషయమున మనకంటె మెలకువ గలవారు. వారి మహారచయితలలో జాబులు అచ్చుపడనివారు అరుదు. ఆ దేశమున స్వీయచరిత్రములకెల్ల పెద్దదిక్కైన బెంజమిను ఫ్రాంక్లిను గ్రంథము మొదట ఒక జాబుగానే పుట్టినది. 1771లో ఆయన తన కుమారుడైన విలియమునకు తమ కుటుంబ వృత్తాంతమును తెలుపుచు వ్రాయ మొదలిడెను. పిమ్మట అమెరికా స్వాతంత్ర్య సంగ్రామము వచ్చినది. కుమారుడు ఆంగ్లేయుల పక్షము వహించెను. తండ్రి స్వదేశ పక్షము వహించెను. తరువాతి భాగములు కుమారుని సంబోధింపక లోకమునకే వ్రాయబడినవి. 1790లో ఫ్రాంక్లిను మరణించునాటికి గ్రంథము ముగియలేదు. ఆ మరుసటి యేట అది మొట్టమొదట అచ్చుపడినది స్వభాషలో గాదు, పారిసు నగరమున ఫ్రెంచి భాషలో. కుమారునకు వ్రాసిన జాబు ఒక జాతికి పాఠ్యపుస్తకమైన చిత్ర మిది.

ఇట్టి చిత్రము మన భాషలోను జరిగినది. ఏనుగుల వీరాస్వామయ్యగారు చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో దుబాసి. ఆయన 1830 మే 18వ తేదీన పరివారముతో కాశీయాత్రకు బయలుదేరి 1831 సెప్టెంబరు 3వ తేదీన మరల ఇల్లు చేరెను. కడప, శ్రీశైలము, హైదరాబాదు, నాగపురముల మీదుగా సాగిన ఆ ప్రయాణములో తాను చూచిన బాటలను, బసలను, ధరలను, ఊళ్ల పరిపాలనను ఎప్పటికప్పుడు తన మిత్రుడగు కోమలేశ్వరపురము శ్రీనివాస పిళ్లగారికి వ్రాసి పంపుచుండెను. ఆ మిత్రుడు వానిని చదివి పారవేయలేదు, క్రమపరచి దాచెను. వీరాస్వామయ్యగారు గతించిన పిమ్మట 1838లో అవి ‘కాశీయాత్ర చరిత్ర’ యను పేర వెలువడినవి. నేడు ఆ గ్రంథము లేకున్నచో, రైలుబండి రాకపూర్వము తెలుగుదేశపు బాటసారి ఏ సత్రమున దిగెనో, ఏ ఊరి కరణముతో మాటలాడెనో మనకు తెలియు మార్గము మిక్కిలి సన్నగిల్లి యుండును. వ్రాసినవారి కీర్తి మన మెరుగుదుము. దాచిన మిత్రుని ఋణమును తలచువారు కొద్దిమంది.

ఒంగోలు ప్రాంతీయులగు వెన్నెలకంటి సుబ్బారావుగారు 1784లో జన్మించి 1839లో మరణించిరి. స్వయంకృషిచే పలు భాషలు నేర్చి, 1815 మొదలు 1829 వరకు చెన్నపట్టణపు సదరు అదాలతులో అనువాదకులుగా నుండిరి. ఆయన తన జీవితమును ఇంగ్లీషున వ్రాసికొనెను. కుమారుడు దానిని భద్రపరచి 1873లో అచ్చువేయించెను. గ్రంథకర్త మరణమునకును గ్రంథ ప్రకటనమునకును నడుమ ముప్పదినాలుగేండ్లు! ఆ ముప్పదినాలుగేండ్లును ఒక వ్రాతప్రతి చెదలు పట్టక, వాన తడియక, పంపకములలో చేతులు మారక నిలిచినదన్నచో ఆ యింటివారి శ్రద్ధ యెంతదో ఊహింపవచ్చును.

తెలుగుభాషలో స్వీయచరిత్రమునకు రాజబాట వేసినవారు కందుకూరి వీరేశలింగము పంతులుగారు. ఆయన ‘స్వీయచరిత్రము’ రెండు సంపుటములుగా 1911, 1915 సంవత్సరములలో వెలువడినది. 1881 డిసెంబరు 11వ తేదీన రాజమహేంద్రవరమున జరిగిన మొదటి వితంతు వివాహ వృత్తాంతము అందు మనకన్నుల గట్టినట్లుండును. విద్యార్థుల పహరాయును, పైడా రామకృష్ణయ్యగారి ధనసహాయమును, వంటవారును నీళ్లు తెచ్చువారును మానివేయుటయు, బహిష్కార భీతిచే మిత్రులు ఒక్కొక్కరుగా వెనుకంజ వేయుటయు అన్నియు అందున్నవి. సంస్కరణము సభలలోని ఉపన్యాసము కాదనియు, మంచినీళ్ల బిందెవద్దను పొయ్యివద్దను ఎదురగు పరీక్షయనియు ఆ పుటలు మనకు బోధించుచున్నవి.

అయిన నొక్క సంగతి. ఆ బిందెను గోదావరినుండి మోసి తెచ్చినవారెవరు? వంటవారు లేచిపోయిన యింట అందరకు వండిపెట్టినవారెవరు? రాజ్యలక్ష్మమ్మగారు. ఆ మహా ఇల్లాలు 1910లో కాలధర్మము నొందినది. ఆమె ధైర్యమును మన మెరుగుట భర్తగారి పుటలవలనను, చూచినవారి మాటలవలనను. ఆ దినములను ఆమె తన చేతితో వ్రాసియుండినచో సంస్కరణ చరిత్ర యెట్లుండెడిదో! పురుషుని స్వీయచరిత్రము ఎంత నిజాయితీతో వ్రాసినను ఆ యింటి చరిత్రలో సగమే. ఈ మాటను పంతులుగారి గౌరవమునకు కొరతగా మేము చెప్పుటలేదు. స్త్రీవిద్యకై జీవితమును ధారవోసిన ఆయనయే ఈ మాటను మొదట ఒప్పుకొనెడివారని మా నమ్మకము.

ఒకే కాలమునకు ఇద్దరు సాక్షులున్నచో చరిత్రకు బలము గలుగును. చిలకమర్తి లక్ష్మీనరసింహముగారు పంతులుగారి కాలమునందే రాజమహేంద్రవరమున మసలినవారు. చూపు కోల్పోయిన పిమ్మట గ్రంథములను నోట చెప్పి వ్రాయించుచుండిరి. తమ స్వీయచరిత్రమును వార్ధక్యమున వెలువరించిరి. ఈ రెండు గ్రంథములను ప్రక్కప్రక్కన పెట్టి చదువువానికి రాజమహేంద్రవరపు బడులు, నాటకశాలలు, పత్రికలు, స్నేహములు, కక్షలు రెండు దీపముల వెలుగులో కానవచ్చును. ఒక దీపమునకు వెనుక పడిన నీడ రెండవ దీపమున తొలగును.

స్వీయచరిత్రము వ్రాయని మహారచయితల విషయమున జాబులే దిక్కు. గురజాడ అప్పారావుగారు 1862లో పుట్టి 1915లో గతించిరి. స్వీయచరిత్రము వ్రాయలేదు, కాని డైరీలు వ్రాసిరి, జాబులు వ్రాసిరి. అందు పెక్కులు ఇంగ్లీషున నున్నవి. అవసరాల సూర్యారావుగారు వానిని సేకరించి, తెలుగుచేసి, సంపాదించి యీయగా విశాలాంధ్రవారు ప్రకటించిరి. 2012లో నూటయేబదవ జయంతి సందర్భమున మనసు ఫౌండేషనువారును ఎమెస్కోవారును ‘గురుజాడలు’ అను పేర సమగ్ర రచనలను వెలువరించిరి. ‘కన్యాశుల్కము’ చదివి నవ్వినవారు ఈ జాబులను డైరీలను చదివినచో ఆ నవ్వు వెనుక నున్న అనారోగ్యమును, సంస్థానపు కొలువులోని చిక్కులను, వ్యావహారిక భాషకై పడిన శ్రమను తెలిసికొందురు. 1897 నాటి మొదటికూర్పు పీఠికలో ఆయన ఒక లెక్క నిచ్చెను. విజయనగర మహారాజు సేకరింపజేసిన వివరములనుబట్టి మూడేండ్లలో 1034 కన్యాశుల్క వివాహములు తేలినవి. నాటకకర్త ఊహతో గాక లెక్కతో పని మొదలిడినాడని మనకు తెలియుట, ఆ పీఠిక నిలిచినందువలననే కదా. ఆ మొదటికూర్పును 1969లో వెదకి మరల అచ్చువేయించిన బంగోరె గారి శ్రమయు స్మరణీయము.

జాబులు దాచుట యొక యెత్తు; దాచినవానిని ప్రకటించుట మరియొక యెత్తు. ప్రకటించువాని చేతిలో కత్తెర యుండును. అమెరికాలో థోరో 1862లో మరణించెను. ఆయన మిత్రుడును గురుతుల్యుడును అగు ఎమర్సను 1865లో కొన్ని జాబులను ఏరి ప్రకటించెను. థోరో విరాగిగా, సుఖదుఃఖములు అంటని జ్ఞానిగా కనబడవలెనని ఎమర్సను కోరిక. ఆప్యాయత తొణుకు జాబులను విడిచిపెట్టెను. థోరో సోదరి సోఫియాకు ఇది నచ్చలేదు. తన అన్న ప్రేమహృదయుడని ఆమె యెరుగును. 1894లో సాన్బరన్ అనునతడు కుటుంబ లేఖలను చేర్చి మరియొక సంపుటమును తెచ్చినగాని ఆ మనిషి సమగ్రముగా లోకమునకు కనబడలేదు. మహనీయుని దేవునిగా చేయబోయి మనుష్యునిగా లేకుండ చేయుట మన దేశమునను కలదు. వర్ధంతి సంచికలను చదువువారి కిది క్రొత్త సంగతి కాదు.

ఇందుకు విరుద్ధమైన దోషమును గలదు. 1855లో వాల్టు విట్మను తన కవితాగ్రంథమును తానే అచ్చువేసికొని ఎమర్సనుకు పంపగా, ఎమర్సను జూలై 21వ తేదీన మెచ్చుకోలు జాబు వ్రాసెను. విట్మను ఆయన అనుమతి లేకయే ఆ జాబును పత్రికలో అచ్చువేయించెను. మరుసటి యేటి కూర్పున అందలి యొక వాక్యమును గ్రంథపు వెన్నుపై బంగారు అక్షరములతో ముద్రింపించెను. ఏకాంతముగా పలికిన మాట బజారున చాటింపైనది. విట్మను మహాకవి యగుట నిజమే. ఆ పని మర్యాద కాకపోవుటయు నిజమే.

కావున ప్రకటనమునకు ఒక ధర్మము కావలెను. ఆ ధర్మము ఫ్రెడరిక్ డగ్లసు జీవితమున మాకు కనబడుచున్నది. బానిసగా పుట్టి పారిపోయి వచ్చిన ఆ నీగ్రోజాతి మహనీయుడు 1845లో తన కథను అచ్చువేయించెను. తన్ను బాధించినవారి పేర్లను నిర్భయముగా చెప్పెను. దానివలన పట్టుబడు ప్రమాదము రాగా బ్రిటను దేశమునకు పోయి తలదాచుకొనెను. కాని తా నెట్లు పారిపోయెనో ఆ మార్గమును మాత్రము చెప్పలేదు. చెప్పినచో అదేబాట పట్టబోవు ఇతర బానిసలకును, సాయపడినవారికిని ముప్పు. బానిసత్వము తొలగిన పిమ్మట, 1881లో వెలువడిన గ్రంథముననే ఆ రహస్యమును విప్పెను. బలవంతుని తప్పును వెంటనే చెప్పుట, బలహీనుని రహస్యమును కాలము వచ్చువరకు కాపాడుట: స్వీయచరిత్ర రచనకు ఇంతకంటె మంచి సూత్రము మాకు తోచదు.

ఇక మా ప్రాంతపు మాట. మా నేరేడుచర్లకు ఒక్కపూట ప్రయాణములో మునగాల యున్నది. నిజాము రాజ్యము నడుమ ద్వీపమువలె నుండిన ఆ పరగణా ఇంగ్లీషువారి కృష్ణాజిల్లాకు చెందియుండి, తరువాత నల్లగొండజిల్లాలో కలిసినది. ఆ జమీందారగు నాయని వేంకటరంగారావుగారును, దివానుగా నుండిన కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారును 1901లో హైదరాబాదున శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయ స్థాపనకు, 1906లో విజ్ఞానచంద్రికామండలి స్థాపనకు తోడ్పడినవారు. ఆ మండలి ప్రచురణలలో మొదటిది, గాడిచర్ల హరిసర్వోత్తమరావుగారు వ్రాసిన ‘అబ్రహాము లింకను చరిత్ర’. కట్టెల గుడిసెలో పుట్టి దేశాధ్యక్షుడై బానిసత్వమును రూపుమాపిన అమెరికను జీవితము, తెలుగువారికి విజ్ఞానదీక్ష నిచ్చు గ్రంథమాలకు తొలి పుష్పమగుట యాదృచ్ఛికము గాదు. జీవితచరిత్ర సామాన్య గృహస్థునకు చరిత్రలో ప్రవేశించు సింహద్వారమని లక్ష్మణరావుగారు గుర్తించిరి.

ఆయన అక్క భండారు అచ్చమాంబగారు అంతకుముందే ఆ ద్వారమును స్త్రీలకు తెరచియుండిరి. 1874లో పుట్టిన ఆమె బాల్యములో కొంతకాలము దేవరకొండలో గడచినది. బడికి పోకయే చదువు నేర్చి, పలు భాషల గ్రంథములను శోధించి, వీరవనితలయు విదుషీమణులయు జీవితములను ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’గా కూర్చిరి. 1905లో ముప్పదియేండ్ల ప్రాయముననే గతించిరి. పరుల చరిత్రములను ఇంత శ్రద్ధతో కూర్చిన ఆమెకు తన చరిత్రమును చెప్పుకొను వ్యవధియే లేకపోయినది. అమెరికా కవయిత్రి ఎమిలీ డికిన్సను 1886లో మరణించినపుడు, ఆమెకు వచ్చిన జాబులను ఆమె కోరిక ననుసరించి చెల్లెలు తగులబెట్టినది. ఆమె వ్రాసినవి మాత్రము అందుకొన్నవారి యిండ్లలో మిగిలి 1894లో రెండు సంపుటములైనవి. స్త్రీల వ్రాత నిలుచుటయో నశించుటయో ఇతరుల చేతిలోనే యుండుట, అచ్చటను ఇచ్చటను ఒక్కటియే.

మునగాల నుండియే మరియొక పాఠమును నేర్వవలసియున్నది. గ్రంథాలయములకును గ్రంథమాలకును పోషకుడైన ఆ జమీందారు జీవితమును పీఠికలనుబట్టి వ్రాసినచో ఉదారచరితము. కాని 1930 తరువాతి దశాబ్దమున అదే పరగణాలోని రైతులు వెట్టిని, అక్రమ వసూళ్లను ఎదిరించి సత్యాగ్రహము చేసిరి. ఆ రైతుల నోట వినినచో ఆ కథయే వేరు. రెండును చరిత్రయే. పండితులు వ్రాసిన పీఠికలు మిగులుటయు, రైతుల మాటలు గాలిలో కలియుటయు సంభవించినచో ఆ చరిత్ర ఒంటికాలిపై నిలిచినట్లగును.

తెలంగాణములో ఇట్లు గాలిలో కలిసినవి అనేకములు. మాతృభాషలో బడి లేని కాలమున తెలుగు వ్రాతయే అపురూపము. 1922లో నల్లగొండనుండి ‘నీలగిరి’ పత్రికయు, ఇనుగుర్తినుండి ‘తెనుగు’ పత్రికయు బయలువెడలినవి. 1926లో సురవరము ప్రతాపరెడ్డిగారి సంపాదకత్వమున ‘గోలకొండ పత్రిక’ పుట్టినది. తెలంగాణమున కవులే లేరన్న ఆక్షేపణకు సమాధానముగా ఆయన మారుమూల పల్లెలనుండి పద్యములను కవుల వివరములను రప్పించి, 1934లో 354 మంది కవులతో ‘గోలకొండ కవుల సంచిక’ను వెలువరించిరి. లేరన్నవారి నోరు మూయించినది వాదము గాదు, తపాలాసంచి. పేరు, ఊరు, పద్యము వ్రాసి పంపిన ఆ కాగితములే సాక్ష్యములైనవి. వానిని అడుగువాడు ఒక్కడు లేకున్న ఆ నిందయే చరిత్రగా స్థిరపడియుండును.

ఈ నల్లగొండ సీమలోనే 1915లో జన్మించిన వట్టికోట ఆళ్వారుస్వామిగారు హోటలులో పనిచేసి, పరుల యిండ్ల వంటచేసి, స్వయముగా చదువు నేర్చి, 1938లో దేశోద్ధారక గ్రంథమాలను స్థాపించి, పుస్తకములను భుజమున మోసి యమ్మిరి. ఆయన స్వీయచరిత్రము వ్రాయక 1961లోనే గతించిరి. తాను కారాగారమున చూచిన మనుష్యులను ‘జైలు లోపల’ కథలలో నిలిపిరి. నిజామాబాదు జైలులో ఆయనతో గడపిన దాశరథి కృష్ణమాచార్యులుగారు ‘యాత్రాస్మృతి’ వ్రాసినందున ఆ మిత్రుని మూర్తి మనకు కొంత దక్కినది. ఒకరి బ్రతుకును మరియొకరి జ్ఞాపకము మోసికొనివచ్చుట యనగా ఇదియే.

వ్రాయనేరని వారి చరిత్ర యెట్లు నిలుచును? అడిగి వ్రాసికొనవలెను. 1986లో స్త్రీశక్తి సంఘటనవారు తెలంగాణ రైతాంగ పోరాటమున పాల్గొన్న స్త్రీల మాటలను సేకరించి ‘మనకు తెలియని మన చరిత్ర’గా ప్రకటించిరి. మన సూర్యాపేట సీమకు చెందిన మల్లు స్వరాజ్యముగారి జీవితకథ ‘నా మాటే తుపాకీ తూటా’ 2019లో వెలువడినది. 2022లో ఆమె గతించిరి. మూడేండ్లు జాగు చేసినచో ఆ గ్రంథము లేదు.

చదువరులారా! ఇప్పుడు మన యిండ్ల సంగతి విచారింపుడు. పూర్వము ప్రతి యింట గోడ మేకునకు వ్రేలాడు ఇనుపతీగకు ఉత్తరములను గ్రుచ్చియుంచెడివారు. చావుకబురు తెచ్చిన కార్డును మాత్రము చదివి చించివేయుట ఆచారము. నేడు ఆ ఒక్క కార్డునకు పట్టిన గతియే కార్డులన్నిటికి పట్టుచున్నది. పాతయిల్లు పడగొట్టి మేడ కట్టునాడు అటుకమీది తీగయు, తీగతోపాటు తాతగారి అక్షరములును పాతకాగితముల బేరగాని తక్కెడకెక్కుచున్నవి. అందలి ఉర్దూ కాగితములను చదువగలవారు ఊరికి ఒకరిద్దరును లేరు. చదువలేనిది పనికిరానిదని తలచుట మరియొక నష్టము. 2013లో తంతి యాగిపోయినది. కుశలవార్తలు చేతిఫోనున వచ్చి చేతిఫోనుతోనే పోవుచున్నవి. 1967లో సాగరు కాలువలకు నీరు విడిచిన పిమ్మట మన మెట్టచేలు వరిమళ్లగుచు వచ్చినవి. ఆ మార్పునాడు ఒక అన్న తమ్మునికి, ఒక కూతురు తల్లికి ఏమి వ్రాసెనో ఆ తీగకే తెలియును.

కొందరు, ‘ఇంటి గుట్టు బజారున పెట్టవచ్చునా?’ అని యడుగుదురు. దాచుట వేరు, చాటుట వేరు. డగ్లసు నలుబది యేండ్లకు దగ్గరగా ఒక రహస్యమును కాపాడెను. మార్కు ట్వేను తన స్వీయచరిత్రమును తాను పోయిన నూరేండ్లవరకు పూర్తిగా ప్రకటింపరాదని కోరెను. 1910లో ఆయన మరణింపగా సమగ్ర ప్రతి మొదటి సంపుటము 2010లో వెలువడినది. గుట్టు కాపాడుటకు కాగితమును కాల్చనక్కరలేదు, కాలమును నిర్ణయించిన చాలును.

చేయవలసిన పని పెద్దదికాదు. జాబు వెనుక ఎవరు, ఎవరికి, ఏ యేట, ఏ యూరినుండి వ్రాసిరో పెన్సిలుతో గుర్తు పెట్టుడు. భాషను దిద్దకుడు, తప్పుతోకూడ అది సాక్ష్యము. ఇంటి పెద్దలను, ముఖ్యముగా అవ్వలను, మాటలాడించి వారి మాటలలోనే వ్రాసికొనుడు. ఉర్దూ కాగితమును చదువగలవారు బ్రతికియుండగానే చదివింపుడు. బడిపిల్లలకు వేసవిలో ఈ పనిని ఒప్పగించిన, వారు మనకంటె చురుకుగా చేయుదురు. సుబ్బారావుగారి కుమారుడును, వీరాస్వామయ్యగారి మిత్రుడును మహారచయితలు గారు. ఒక కట్టను పారవేయక దాచిరి, అంతియే. ఆ మాత్రపు పని మనలో ఎవరికిని శక్తికి మించినది కాదు.